మహాగణకం ఎందుకు మేలుకోలేదు?

కంప్యూటరు ఎంత పెద్దదైనా, దానికి విద్యుత్తు ఇచ్చిన క్షణంలో ఏ పనీ తెలియదు. పెద్ద బ్యాంకుల ఖాతాలు చూసే మెయిన్‌ఫ్రేము కంప్యూటరయినా అంతే. దాని ప్రధాన స్మృతి ఖాళీగా ఉంటుంది. చేయవలసిన పనులన్నీ డిస్కు మీద రాసి ఉంటాయి. కాని డిస్కును చదవాలంటే, చదవడం ఎలాగో చెప్పే ప్రోగ్రాము ముందుగా స్మృతిలో ఉండాలి. ఆ ప్రోగ్రాము కూడా డిస్కు మీదే ఉంది! తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లుంది కదూ?

గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో చేతిపంపు కొట్టినవారికి ఈ చిక్కు కొత్త కాదు. చాలాకాలం వాడని పంపును ఎంత కొట్టినా గాలి తప్ప నీరు రాదు. లోపలి తోలు వాషరు ఎండిపోయి ఉంటుంది. దాని చుట్టూ సందులు ఏర్పడతాయి. పైనుంచి ఒక చెంబెడు నీళ్ళు పోస్తే వాషరు తడిసి ఉబ్బుతుంది, సందులు మూసుకుపోతాయి, పంపు నీటిని లాగుతుంది. అంటే నీరు రావాలంటే ముందు కాసిని నీళ్ళు పోయాలి.

కంప్యూటరుకు పోసే ఆ చెంబెడు నీళ్ళే బూట్ లోడరు. బూటుకు వెనక ఉండే పట్టీని పట్టుకుని తనను తానే పైకి లేపుకున్నాడట ఒకడు! ఆ చమత్కారం నుంచే ఈ పేరు వచ్చింది. మెయిన్‌ఫ్రేము వాళ్ళు మాత్రం దీనిని ఐపీఎల్ అంటారు. అంటే తొలి ప్రోగ్రామును ఎక్కించడం.

లినక్సును మెయిన్‌ఫ్రేములో స్థాపించాక, ఈ మొదటి మెట్టు దగ్గర యంత్రం ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. అది ఎందుకు ఆగుతుంది? ఎక్కడ ఆగిందో ఎలా కనిపెట్టాలి? డిస్కులోని విలువైన సమాచారం పోకుండా ఎలా సరిచేయాలి? ఈ పాఠంలో చూద్దాం.

కార్డు నుంచి డిస్కు దాకా

1959లో వెలువడిన ఐబీఎం 1401 కంప్యూటరులో తొలి ప్రోగ్రామును చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద ఉంచేవారు. లోడ్ అనే మీట నొక్కితే యంత్రం మొదటి కార్డును చదివేది. ఆ కార్డులోని ఆదేశాలు తరువాతి కార్డులను చదివించేవి. మన రైల్వేలు కూడా 1960లలో 1401 యంత్రాలను వాడాయి.

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ, 1969లో టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటరును తయారుచేసింది. ప్రపంచంలో ఆ తరం చిన్న కంప్యూటర్లలో చాలావాటికి, ముందుపలక మీద ఉండే మీటలను పైకీ కిందికీ నొక్కుతూ మొదటి ఆదేశాలను చేత్తోనే ఎక్కించవలసి వచ్చేది. పద్ధతి ఏదైతేనేం, చెంబెడు నీళ్ళు పోయక తప్పదు.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. నేటి మెయిన్‌ఫ్రేములు దాని వారసులే. 360లో ఆపరేటరు మూడు చక్రాలను తిప్పి, ఏ పరికరం నుంచి చదవాలో ఆ సంఖ్యను అమర్చి, లోడ్ మీట నొక్కేవాడు. నేడు చక్రాలు లేవు. ఆ సంఖ్యను కన్సోలు తెర మీద టైపు చేస్తారు. పద్ధతి మాత్రం అదే.

ఇరవై నాలుగు బైట్ల కథ

లోడ్ ఆజ్ఞ అందగానే యంత్రం ఆ పరికరం నుంచి సరిగ్గా 24 బైట్లు చదివి, స్మృతిలో 0 నుంచి 23 వరకు ఉన్న స్థానాలలో పెడుతుంది. 24 బైట్లంటే ఎంత? యూనికోడ్‌లో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరానికీ, ఒక్కొక్క గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. "గుడివాడ" అనే మాటలో నాలుగు అక్షరాలు, మూడు గుర్తులు; మొత్తం 21 బైట్లు. ఊరి పేరు రాస్తే మిగిలేది 3 బైట్లే!

ఇంత చిన్న చోటులో మూడు వస్తువులు ఉంటాయి. ఒక్కొక్కటీ 8 బైట్లు. మొదటిది, "పని ఇక్కడినుంచి మొదలుపెట్టు" అని ప్రాసెసరుకు చెప్పే స్థితి పదం. రెండవది, మూడవది "డిస్కులో ఇంకా ఫలానా భాగం చదువు" అని చెప్పే ఆదేశాలు. ఆ ఆదేశాల వల్ల మరికొంత ప్రోగ్రాము వస్తుంది. అది ఇంకా పెద్ద ప్రోగ్రామును తెస్తుంది. చివరకు లినక్సు గుండెకాయ వంటి కెర్నెల్ స్మృతిలోకి చేరి పని అందుకుంటుంది. చిన్న కాలువ పెద్ద కాలువను తెరిచినట్లన్నమాట. డాస్డీ అనే సంప్రదాయ మెయిన్‌ఫ్రేము డిస్కుల నుంచి మేలుకునే పద్ధతి ఇది.

లినక్సు ఎలా వచ్చింది?

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును మామూలు పీసీ కోసం రాశాడు. మెయిన్‌ఫ్రేము భాష వేరు. జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఉన్న ఐబీఎం ప్రయోగశాల ఇంజనీర్లు లినక్సును ఎస్/390 మెయిన్‌ఫ్రేముకు అనువుగా మార్చి, ఆ మార్పులను 1999 డిసెంబరులో అందరికీ విడుదల చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 2000 సంవత్సరపు తేదీ చిక్కును సరిచేయడానికి మెయిన్‌ఫ్రేము తెలిసినవారు ప్రపంచమంతటా కావలసి వచ్చారు. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయాల్లో కోబాల్ భాషనూ మెయిన్‌ఫ్రేమునూ నేర్చుకుని, ఎందరో తెలుగు యువకులు ఆ పనికి విదేశాలకు వెళ్ళారు. లినక్సు రావడంతో, పీసీ మీద నేర్చిన విద్యనే మెయిన్‌ఫ్రేము మీద కూడా వాడుకునే దారి ఏర్పడింది. అయితే మేలుకొలిపే పద్ధతి మాత్రం పీసీది కాదు. పీసీ అలవాటుతో వచ్చినవారు తడబడేది ఇక్కడే.

లోడరుకు పేర్లు తెలియవు

ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి ఇది.

పీసీలో గ్రబ్ అనే బూట్ లోడరుకు ఫైళ్ళ అమరిక తెలుసు. ఫలానా పేరు గల కెర్నెల్ కావాలంటే డిస్కులో వెతికి పట్టుకుంటుంది. మెయిన్‌ఫ్రేములో మొదట నడిచే చిన్న లోడరుకు అంత తెలివి లేదు. దానికి ఫైలు పేర్లు తెలియవు. "డిస్కులో ఈ దిమ్మె, ఆ దిమ్మె, ఆపై దిమ్మె చదువు" అనే చిరునామాల పట్టీ మాత్రమే దాని దగ్గర ఉంటుంది.

ఈ పట్టీని తయారుచేసేది జెడ్‌ఐపీఎల్ అనే పనిముట్టు. లినక్సు నడుస్తూ ఉండగా దానిని నడిపితే, కెర్నెల్ ఫైలు డిస్కులో ఏ ఏ దిమ్మెలలో ఉందో చూసి, ఆ చిరునామాలను రాసి, డిస్కు మొదట్లో 24 బైట్ల రికార్డును అమరుస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. మీ ఊరికి కొత్తగా వచ్చిన తపాలా ఉద్యోగికి మనుషులు తెలియరు, ఇంటి నంబర్లే తెలుసు. మీరు ఇల్లు మారి, ఆ సంగతి చెప్పకపోతే ఉత్తరం ఎక్కడికి వెళుతుంది? పాత ఇంటికే. అలాగే కెర్నెల్‌ను కొత్తది తెచ్చి పాత పేరుతోనే పెట్టినా, అది డిస్కులో వేరే దిమ్మెలలో కూర్చుంటుంది. జెడ్‌ఐపీఎల్‌ను మళ్ళీ నడపకపోతే లోడరు పాత చోటికే వెళుతుంది.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. పాత దిమ్మెలను ఇంకా ఎవరూ వాడుకోకపోతే పాత కెర్నెల్ అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. యంత్రం చక్కగా లేస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ దిమ్మెల మీద మరో ఫైలు వచ్చి పడుతుంది. ఆ తరువాత ఎప్పుడో యంత్రాన్ని ఆపి లేపితే లేవదు. తప్పు జరిగిన రోజు ఒకటి, బయటపడిన రోజు మరొకటి!

నేటి లినక్సు పంపిణీలలో చాలావరకు కెర్నెల్ మారినప్పుడు జెడ్‌ఐపీఎల్ తనంతట తానే నడుస్తుంది. ఫైలును చేత్తో మార్చినవారు మాత్రం దానిని తామే నడపాలి.

నిద్రలో రెండు రకాలు

మెయిన్‌ఫ్రేము ఆగిపోయినప్పుడు తెర మీద "డిసేబుల్డ్ వెయిట్" అనే మాట కనిపిస్తుంది. దీని అర్థం తెలుసుకోవాలి.

పని లేనప్పుడు ప్రాసెసరు మామూలుగా నిద్రపోతుంది. డిస్కు నుంచో, నెట్‌వర్కు నుంచో పిలుపు రాగానే లేస్తుంది. ఇది మామూలు నిద్ర. రెండవ రకం నిద్రలో పిలుపులన్నిటికీ తలుపులు మూసి ఉంటాయి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నట్లు. ఇక ఎవరు పిలిచినా వినబడదు. మళ్ళీ ఐపీఎల్ చేయవలసిందే.

ఇది యంత్రం చెడిపోయిందనడానికి గుర్తు కాదు. ముందుకు పోలేనని తెలుసుకున్న ప్రోగ్రాము కావాలనే ఇలా ఆగుతుంది. ఆగేముందు స్థితి పదంలో ఒక సంఖ్యను ఉంచుతుంది. ఆ సంఖ్య రోగలక్షణం వంటిది. దానిని కాగితం మీద రాసుకోకుండా మళ్ళీ మీట నొక్కకూడదు.

గొలుసు ఎక్కడ తెగింది?

విజయవాడ నుంచి గుడివాడ వచ్చిన రైలుమార్గం అక్కడ చీలుతుంది. ఒకటి బందరుకు, ఒకటి భీమవరానికి. బందరు చేరవలసినవారు చేరలేదంటే, రైలే ఎక్కలేదా, గుడివాడలో దారి తప్పారా, లేక పెడన దాటి ఆగిపోయారా అని వరుసగా విచారిస్తాం. ఇక్కడా అంతే. చివరిసారి ఏ మెట్టు వరకు కబురు అందిందో చూడాలి.

1. స్థాపించే ప్రోగ్రామే మళ్ళీ కనిపించడం. ఒక మెయిన్‌ఫ్రేమును జెడ్/వీఎం అనే ప్రోగ్రాము అనేక కల్పిత యంత్రాలుగా విభజిస్తుంది. అక్కడ లినక్సును స్థాపించేటప్పుడు తొలి ప్రోగ్రామును ఒక కల్పిత కార్డు రీడరులో పెట్టి, 00సి అనే సంఖ్యతో ఐపీఎల్ చేస్తారు. కార్డులు పోయినా కార్డు రీడరు పేరు మిగిలిందన్నమాట! స్థాపన ముగిశాక డిస్కు సంఖ్యతో, ఉదాహరణకు 0150తో, ఐపీఎల్ చేయాలి. అలవాటుగా 00సి అనే కొడితే స్థాపన మళ్ళీ మొదటికి వస్తుంది. ఇక్కడ లినక్సులో ఏ దోషమూ లేదు. బందరు వెళ్ళవలసినవారు భీమవరం బండి ఎక్కారు, అంతే.

2. ఒక్క లినక్సు సందేశమూ రాకుండా డిసేబుల్డ్ వెయిట్ రావడం. డిస్కు సంఖ్య సరైనదే అయితే, ఆ డిస్కు మీద బూట్ రికార్డు రాయబడలేదు, లేదా పొరపాటున మరో డిస్కు మీద రాయబడింది.

3. లోడరు పని మొదలుపెట్టి మధ్యలో ఆగడం, లేదా పాత కెర్నెల్ లేవడం. చిరునామాల పట్టీ పాతదైపోయింది. ఇల్లు మారారు, కబురు చెప్పలేదు.

4. కెర్నెల్ సందేశాలు వరుసగా వచ్చి, చివరకు మూల ఫైళ్ళ వ్యవస్థ దొరకలేదని ఆగడం. ఇది బూట్ లోడరు దోషం కాదు. అది తన పని ముగించింది. కెర్నెల్‌కు ఇచ్చిన సూచనల్లో తప్పుంది. మెయిన్‌ఫ్రేము లినక్సులో డిస్కు తగిలించి ఉన్నా, దానిని ఆన్‌లైన్‌కు తెమ్మని చెప్పాలి. కాలువ నిండుగా ఉన్నా తూము ఎత్తకపోతే మడిలోకి నీరు రాదు కదా! మరో కారణం కూడా ఉండవచ్చు. డిస్కులకు ఎ, బి, సి అనే పేర్లను దొరికిన వరుసలో ఇస్తారు. మధ్యలో కొత్త డిస్కు చేరితే నిన్నటి ఎ నేడు బి కావచ్చు. అందుకే మూల డిస్కును వరుస పేరుతో కాక, 0150 వంటి పరికర సంఖ్య ఉన్న దారితో సూచించడం క్షేమం.

ఒక్క మాటలో: కెర్నెల్ నోరు విప్పకముందే ఆగితే దోషం లోడరు వైపు, నోరు విప్పాక ఆగితే దోషం సూచనల వైపు.

చికిత్స

రెండవ, మూడవ దోషాలకు మందు ఒకటే. దానిని ఈ వరుసలో ఇవ్వాలి.

మొదట, స్థాపించే ప్రోగ్రామునే మళ్ళీ లేపాలి. కాని అందులో "స్థాపించు" అనేదాన్ని ఎంచుకోకూడదు. "రక్షణ" అనే మార్గాన్ని ఎంచుకోవాలి. ఇప్పుడు స్మృతిలో ఒక చిన్న లినక్సు నడుస్తూ ఉంటుంది.

తరువాత, మన డిస్కును ఆన్‌లైన్‌కు తేవాలి. అందులోని మూల ఫైళ్ళ వ్యవస్థను మౌంట్ చేయాలి. బూట్ డైరెక్టరీ వేరే విభాగంలో ఉంటే దానినీ మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడు డైరెక్టరీలను కూడా దానితో కలపాలి. లేకపోతే జెడ్‌ఐపీఎల్‌కు డిస్కు కనబడదు.

పిమ్మట సీహెచ్‌రూట్ అనే ఆజ్ఞతో ఆ డిస్కులోని లినక్సు లోపలికి ప్రవేశించాలి. జెడ్‌ఐపీఎల్ అమరిక ఫైలులో కెర్నెల్ పేరు, మూల డిస్కు దారి సరిగా ఉన్నాయో లేదో చూడాలి. సరిగా ఉంటే జెడ్‌ఐపీఎల్‌ను నడపాలి.

అప్పుడది ఏ డిస్కు మీద బూట్ రికార్డు రాస్తున్నదో పరికర సంఖ్యతో సహా తెర మీద చెబుతుంది. ఆ వాక్యాన్ని తప్పక చదవండి. మీరు ఐపీఎల్ చేయబోయే సంఖ్య, ఆ వాక్యంలోని సంఖ్య ఒకటేనా? ఒకటే అయితే బయటకు వచ్చి, అన్నిటినీ విడదీసి, ఆ సంఖ్యతో ఐపీఎల్ చేయండి.

నాలుగవ దోషానికి కూడా ఇదే దారి. అమరిక ఫైలులోని సూచనను దిద్ది, మళ్ళీ జెడ్‌ఐపీఎల్‌ను నడపాలి. ఫైలును దిద్ది ఊరుకుంటే చాలదు. లోడరు ఆ ఫైలును చదవదు, తన పట్టీనే చదువుతుంది. కొన్ని పంపిణీలలో మరో మెట్టు ఉంటుంది. 2014లో వచ్చిన సూసే 12 నుంచి, జెడ్‌ఐపీఎల్ ముందు ఒక చిన్న లినక్సును లేపుతుంది, అది గ్రబ్ పట్టికను చూపి అసలు కెర్నెల్‌ను లేపుతుంది. అక్కడ పట్టిక కనిపించిందా లేదా అనేది కూడా ఒక గుర్తే.

తొందరపడితే ఏమవుతుంది?

యంత్రం లేవకపోతే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, "మళ్ళీ మొదటినుంచి స్థాపిద్దాం" అని. మెయిన్‌ఫ్రేములో స్థాపన అంటే డాస్డీ డిస్కును ఫార్మాటు చేయడంతో మొదలు కావచ్చు. 3390 మోడల్-3 అనే డిస్కులో 3,339 సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు 15 ట్రాకులు, ఒక్కో ట్రాకుకు 4,096 బైట్ల దిమ్మెలు 12 ఉంటాయి. మీరే గుణించండి. 6,01,020 దిమ్మెలు, సుమారు 246 కోట్ల బైట్లు. ఫార్మాటు చేస్తే అవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. చెడింది మాత్రం డిస్కు మొదట్లో 24 బైట్లు, ఒక చిన్న చిరునామాల పట్టీ! పంపు వాషరు ఎండిందని బావి పూడ్చుకుంటామా?

ఆ డిస్కులో ఒక ఊరి ఖాతాలో, ఆసుపత్రి రోగుల వివరాలో ఉండవచ్చు. యంత్రం లేవనంత మాత్రాన అవి పోలేదు. ఉన్నచోటనే పదిలంగా ఉన్నాయి. వాటిని పోగొట్టేది దోషం కాదు, తొందరపాటు. అందుకే అనుభవజ్ఞులు మూడు నియమాలు పాటిస్తారు. కనిపించిన సంఖ్యనూ సందేశాన్నీ ముందు రాసుకో. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి. తుడిచే ఆజ్ఞను అన్నిటికన్నా చివర ఆలోచించు, అదీ నకలు ఉన్నప్పుడే.

మీరే చేసి చూడండి

మెయిన్‌ఫ్రేము మన ఇంటికి రాదు. దానిని అనుకరించే హెర్క్యులిస్ అనే ఉచిత ప్రోగ్రామును రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టాడు. అది మామూలు కంప్యూటరులోనే నడుస్తుంది. దాని కన్సోలులో ఐపీఎల్ అని టైపు చేసి పక్కన డిస్కు సంఖ్య ఇస్తే, అలనాటి ఆపరేటరు చక్రాలు తిప్పి మీట నొక్కినట్లే. మెయిన్‌ఫ్రేముకు తగిన డెబియన్ లినక్సు కూడా ఉచితంగా దొరుకుతుంది. పెద్దల సాయంతో స్థాపించి, డిస్కు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకుని, నకలు మీద కావాలని చెడగొట్టి సరిచేయండి. నకలు ఉంది కనుక భయం లేదు.

ఆలోచించండి

1. కెర్నెల్ ఫైలును అదే పేరుతో మార్చి జెడ్‌ఐపీఎల్ నడపని యంత్రం వారం రోజులు బాగానే లేచి, ఎనిమిదో రోజు లేవలేదు. ఎందుకు?

2. తెర మీద నలభై వరుసల లినక్సు సందేశాలు వచ్చి యంత్రం ఆగింది. బూట్ లోడరును అనుమానించవచ్చా?

3. "మచిలీపట్నం" అనే మాట యూటీఎఫ్-8లో 24 బైట్లలో పడుతుందా? పొల్లును కూడా ఒక గుర్తుగా లెక్కించి చూడండి.